తిండి లేని అధ్యాయం

కళ్ళు మూసుకుని కూర్చోండి, నేను పిలిచేదాకా తెరవద్దు, అని సిస్టరు నా రెండు కళ్ళలోనూ చుక్కలు వేసి, చెంప మీదికి జారినదాన్ని దూదితో ఒత్తి, వెళ్ళబోతూ ఆగి, నా ఒళ్ళో ఉన్న పెట్టె మీద వేలితో టకటకమని కొట్టి, ‘అబ్బ, ఏం వాసన మాస్టారూ, మా అమ్మాయి ఎగిరి గంతేస్తుంది, డ్యూటీ దిగేటప్పుడు తీసుకుంటాను, అంతవరకూ మీ దగ్గరే ఉండనివ్వండి, లోపల పెడితే మావాళ్ళు బతకనివ్వరు’ అని వెళ్ళిపోయింది. వాళ్ళవాళ్ళు బతకనివ్వరట, నేనైతే బతకనిస్తానట. అమ్మా, నువ్వు చెప్పావని ఆ కేకు చేసి తెచ్చింది నేను, ఈ ఊళ్ళో కేకు కనిపిస్తే చాలు మనసు చెదిరే మనిషినీ నేనే, ఇప్పుడు కాపలా కూడా నేనేనా అని అడగాలనిపించింది గానీ అప్పటికే ఆవిడ చెప్పుల చప్పుడు వరండా చివరికి పోయింది. కంట్లో మందు చురుక్కుమంటోంది. మూసిన రెప్పల వెనక ఎర్రగా ఉంది, ఇంకాసేపటికి కంటిపాప పెద్దదవుతుంది, అప్పుడు డాక్టరమ్మ దీపం పట్టుకుని వెనక పొరలోకి చూసి, ఇక చదవగలనో లేదో చెబుతుంది. అంతే సంగతి. దానికోసం నిన్నటి నుంచీ ముద్ద దిగడం లేదు, ముద్ద దిగకపోతే ఆకలేస్తుంది, ఆకలేసినవాడి ఒళ్ళో కేకు పెట్టారు, ఎంత చక్కటి ఏర్పాటు.

చుక్కలు వేస్తే చూపు మసకబారుతుంది, తోడు ఎవరినైనా తెచ్చుకోండి అని ముందే చెప్పారు. మా ఆవిడ బడిలో పరీక్షలున్నాయి, సెలవు దొరకలేదు. అందుకని తోడుగా మా అత్తగారొచ్చింది. మా అత్తగారికి కళ్ళు కనపడవు. నీటికాసులొచ్చి చాలాకాలం కిందటే చూపు పోయింది. పొద్దున నా మోచెయ్యి పట్టుకుని బస్సెక్కింది, తిరిగి వెళ్ళేటప్పుడు ఆవిడ మోచెయ్యి నేను పట్టుకోవాలి, గుడ్డివాడు గుడ్డివాడికి దారి చూపిస్తే ఇద్దరూ గుంటలో పడతారని ప్రభువు చెప్పింది మన గురించే అల్లుడుగారూ అని తనే అని, తనే బస్సంతా వినపడేలా నవ్వింది. కండక్టరు కూడా నవ్వాడు. ఇప్పుడు పక్కనే బల్ల మీద, నా ఎడమ పక్క, ఊపిరి నెమ్మదిగా తీస్తోంది, కునుకు పట్టినట్టుంది. కుడి పక్క ఇంకెవరో చుక్కలు వేయించుకున్నాయన, ఊరికే గొంతు సవరించుకుంటున్నాడు. వరసగా అందరం కళ్ళు మూసుకుని కూర్చున్నాం, ఎవరైనా కొత్తవాళ్ళు చూస్తే ప్రార్థన కూడిక అనుకుంటారు.

మూత సందులోంచి వాసన వస్తోంది. వెన్న, వెనిలా, దాని కింద గుడ్డు సొన వేడికి పొంగిన వాసన, ఇంకా కింద పంచదార పాకం, పొర పొరకీ మధ్య పొద్దున నేనే గరిటెతో చిలకరించాను. కళ్ళు మూసుకుంటే ముక్కు తెరుచుకుంటుందని ఎవరూ చెప్పలేదు నాకు. చుట్టూ అంచు మీద క్రీముతో గులాబీలు వేశాను, కోను తిప్పి పైకి లాగి చటుక్కున వదిలితే గులాబీ, వెన్నతో పెట్టిన విద్య అంటే నిజంగా నాదే. పేరు రాసిన వైపు ముందు. వెనక వైపు ఎవరూ చూడరు. వెనక ఒక గులాబీ తీసేసి, దాని పక్క రెండింటినీ చూపుడువేలితో ఇటు ఒకింత అటు ఒకింత జరిపితే ఖాళీ కనపడదు, ఆ పని కళ్ళు మూసుకుని కూడా చెయ్యగలను, అసలు కళ్ళు మూసుకునే ఉన్నాను. దారం కూడా నేనే కట్టాను, కొస లాగితే ఊడే ముడి. అత్తగారు చూడదు, పక్కాయన చూడడు, సిస్టరు అటెళ్ళింది. ఒక్క గులాబీ, నాలిక మీద పెడితే నమలక్కర్లేదు కూడా, అదే కరిగిపోతుంది, నమలనిది తిన్నట్టు ఎలా అవుతుంది?

చూశావా, మొదలుపెట్టావు. సరిగ్గా ఇలాగే మొదలైంది మొదటిసారి కూడా. షుగరు బయటపడ్డప్పుడు డాక్టరమ్మ, తీపి తింటారా అని అడిగితే, లేదమ్మా అన్నాను నిండు మనసుతో, మా ఆవిడ నావైపు ఎలా చూసిందంటే డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టేసింది. నేను అబద్ధమాడలేదు, నా బుర్రలో అది తీపి కాదు. కేకు పొయ్యిలోంచి తీశాక పైన గుమ్మటంలా ఉబ్బుతుంది, దాన్ని కత్తితో చదునుగా కోసేస్తేనే పైపొర నిలుస్తుంది, ఆ కోసిన గుమ్మటాలు మాస్టరువి, మా వృత్తిలో అది పెద్దలనాటి హక్కు. కొట్లో పెట్టి అమ్మేది కేకు, ధర ఉన్నది కేకు, గుమ్మటానికి ధర లేదు, పేరూ లేదు, దాన్ని తినడాన్ని తినడమని మేమెవరం అనం, రుచి చూడడమంటాం. ముప్పొద్దులా రుచి చూశాను. సాయంత్రం ఇంటికెళ్తూ కాగితంలో చుట్టుకుని దారి పొడుగునా రుచి చూశాను. అప్పటికి నేను తాగను, పేకాడను, ఒకరి జోలికి పోను, ఆదివారం మొదటి వరసలో కూర్చుంటాను. పాస్టరుగారు శోధన గురించి ప్రసంగించినప్పుడల్లా సారా కొట్టు గురించే చెబుతారు, నేను హాయిగా తల ఊపుతూ పక్కవాళ్ళ వైపు జాలిగా చూసేవాణ్ణి. సైతాను సారా కొట్టు దగ్గర నిలబడి ఉంటాడనుకున్నాను గానీ వెన్న పూసుకుని నా పొయ్యి పక్కనే కూర్చున్నాడని ఎలా తెలుస్తుంది?

అలా తెలియకుండానే అక్షరాలు వంగాయి. రోజూ సాయంత్రం అత్తగారికి బైబిల్లోంచి ఒక అధ్యాయం చదివి వినిపించడం నా పని. ఆవిడకి చూపు పోయిన కొత్తలో ఒకరోజు ఇంటికెళ్తే, ఆవిడ గ్రంథాన్ని ఒళ్ళో తలకిందులుగా పెట్టుకుని వేళ్ళతో తడుముతూ కూర్చుంది, నాకు గుండె చివుక్కుమంది, పక్కన చతికిలబడి నేను చదువుతానత్తమ్మా అన్నాను. అన్నాను గానీ నాకు చదువెక్కడ, చిన్నప్పుడే బడి మానేసి పిండి పిసకడానికి పోయాను, బస్సు బోర్డులు కూడబలుక్కుని చదువుకునేంత వచ్చు. మొదటి సాయంత్రం ఒక్క పేరా గడిచేసరికి చెమటలు పట్టాయి. ఆవిడ ఆదివారపు బడిలో ఎందరికో అక్షరాలు దిద్దించిన మనిషి, విసుక్కోకుండా వింది, నేను ఎక్కడ తడబడితే అక్కడ మాట అందించింది, ఎక్కడ మింగేస్తే అక్కడ కక్కించింది. చేతులు కడుక్కుని రండి అల్లుడుగారూ, నిన్న ఆదాము గారిని వెన్నలో ముంచేశారు అనేది. నిజమే, మా పుస్తకంలో కొన్ని పేజీలు ఇప్పటికీ అతుక్కునే ఉంటాయి, ఎక్కడెక్కడ నేను రుచి చూస్తూ చదివానో అవి చెబుతాయి. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ చదవడం వచ్చింది, తడబాటు పోయింది, గొంతు కూడా నిలకడగా వచ్చింది, కిందటేడు పాస్టరుగారు పిలిచి ఆదివారం వాక్యం మీరే చదవండన్నారు. పిండి పిసికే చేతులతో ఆ పుస్తకం పట్టుకుని అందరి ముందూ నిలబడితే మా ఆవిడ ఏడ్చింది. అటువంటి రోజుల్లోనే ఒక సాయంత్రం వరస మధ్యలో మాట వంగింది, తడిసిన కాగితం మీద రాసినట్టు, అటూ ఇటూ అక్షరాలు బాగానే ఉన్నాయి, నేను చూస్తున్నదే లేదు. షుగరు కంట్లోకి దిగిందన్నారు, వెనక పొరలో సన్నటి నరాల్లోంచి నీరు ఊరుతోంది, ఇలాగే పోతే చదివే చూపు మిగలదు, నోరు కట్టుకుని మళ్ళీ రండి, ఆరిందో లేదో చూద్దామన్నారు. ఆ మళ్ళీ ఇవాళే.

కట్టుకున్నాను. ఒట్టు, కట్టుకున్నాను. రుచి చూడని కేకు మాస్టరుంటాడా అని మా ఓనరు నవ్వాడు గానీ దారి అదే దొరికింది. గిన్నెలు తోమే పెద్దావిడకి చెంచాతో క్రీము ఇస్తాను, నోట్లో పెట్టుకున్నాక ఆవిడ కనుబొమ్మలు చూస్తాను, ఎడమది లేస్తే తీపి ఎక్కువ, రెండూ లేస్తే సరిపోయింది, లేవకపోతే మళ్ళీ గిలకొట్టాలి. ‘నీ వృత్తి బాగుంది మాస్టరూ, తినేది నేను, పేరు నీది’ అంటుంది ఆవిడ. మొన్నామధ్య కొట్లో అందరూ వెళ్ళాక ఒకే ఒక్క గుమ్మటం ముక్క, గోరంత, తిందామనుకుని తిన్నాను. గోరంత కొండంత అయ్యింది, పళ్ళెం ఖాళీ అయ్యాక గానీ నాకు స్పృహ రాలేదు, ఆ రాత్రి అక్షరాలన్నీ వానలో తడిసిన చీమల్లా ఉన్నాయి. అప్పుడు తెలిసింది, నా విషయంలో ఒకటి అనే అంకె లేదు, సున్నా ఉంది, పళ్ళెం ఉంది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని అప్పటి నుంచీ ముక్కలన్నీ కోసిన వెంటనే గిన్నెలావిడ సంచిలో పడేస్తున్నాను.

అయితే ఇవాళ వేరు కదా, అంటోంది లోపలి గొంతు, చాలా మర్యాదగా అంటోంది. ఇవాళ తిన్నది ఇవాళ కంట్లో కనపడదు, అయిన నష్టమేదో అయ్యే ఉంది, ఆరిందో లేదో ఎప్పుడో తేలిపోయింది, డాక్టరమ్మ దాన్ని చదువుతుంది అంతే. ఆరకపోతే నువ్వింత కట్టుకున్నదీ వృథా, కనీసం ఒక్క గులాబీ అయినా దక్కాలి. ఆరిందనుకో, ఆ సంతోషానికైనా ఒక్కటి. ఎటు చూసినా గులాబీ న్యాయంగానే కనపడుతోంది, ఎంత తెలివైనవాడు, ప్లీడరుగా పెడితే ఒక్క కేసూ ఓడిపోడు. చూపుడువేలికి దారం తగిలింది. నేను వెతకలేదు, అదే తగిలింది. కొస మెత్తగా ఉంది. పక్కాయన గొంతు సవరించుకున్నాడు, నేను ఉలిక్కిపడి చెయ్యి తీసి మోకాలి మీద పెట్టాను, చెయ్యి అక్కడ ఉండనంది.

ప్రభువా, సాయం, ఏదైనా వాక్యం గుర్తు చేసుకుందాం. జేబులో చిన్న పుస్తకం ఉంది, మామూలుగా అయితే తీసి చదువుకుంటాను, చదువుతుంటే నోరు పదాలతో నిండుతుంది, ఇంకోదానికి చోటుండదు, ఇన్ని నెలలూ నన్ను కాపాడింది అదే. ఇప్పుడు కళ్ళు తెరవకూడదు, తెరిచినా అక్షరం కనపడదు. నోటికొచ్చినవి చెప్పుకుందాం. ఏమొచ్చింది మొదట? పాలూ తేనే ప్రవహించే దేశం. వద్దు, ఇంకోటి. ఆకాశం నుంచి కురిసిన మన్నా, తేనె కలిపిన అప్పంలా ఉందట దాని రుచి. అయ్యో వద్దు. దేవుని మాటలు తేనెపట్టు కన్నా, అబ్బ, మళ్ళీ తేనే! అంజూరపు పళ్ళ ముద్దలు, ఎండు ద్రాక్ష గెలలు, సింహం కళేబరంలో తేనె, పెండ్లి విందు, తప్పిపోయిన కొడుకు తిరిగొస్తే కోసిన కొవ్విన దూడ. ఇన్నేళ్ళు ఇంత పెద్ద గ్రంథం చదివి నేను దాచుకున్నదంతా తిండేనా? ఎవడి బుద్ధి ఎలాంటిదో వాడికి అవే అంటుకుంటాయి కాబోలు. నవ్వొచ్చింది, నిజంగానే ఫక్కున నవ్వాను, పక్కాయన ‘ఏమైందండీ?’ అన్నాడు, ఏం లేదండీ, ఆకలి అన్నాను.

నవ్వు ఆగాక ఇంకోటి గుర్తొచ్చింది, ఎడారిలో ప్రభువు ఆకలిగా ఉన్నప్పుడు సైతాను వచ్చి రాళ్ళను రొట్టెలు చేసుకోమన్నది. ఆ రాళ్ళని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు, నేను చూసింది రొట్టెల్నే. ఇప్పుడు, ఈ బల్ల మీద, ఇంకోటి తట్టింది. అక్కడ ఆయన చేతిలో పుస్తకం లేదు. రాసి ఉంది అని జవాబిచ్చాడే గానీ తీసి చూపించలేదు, ఎడారిలో ఎక్కడి పుస్తకం, చిన్నప్పుడెప్పుడో ఎవరో చదువుతుంటే విన్నది, తను చదివింది, లోపల ఉంది, అది తీశాడు. ఎవరో చదివి వినిపించి ఉంటారు. ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది నాకు. నా లోపల తేనే తప్ప ఏమీ లేకపోతే పోనీ, నా ఎడమ పక్క కూర్చున్న మనిషి లోపల ఉంది కదా. సిగ్గేసింది, ఈ వయసులో అత్తగారిని లేపి, కేకు చూసి ఆగలేకపోతున్నానని చెప్పుకోవడం. సిగ్గు కావాలా కళ్ళు కావాలా అనుకున్నాను. పెట్టెను రెండు చేతులా పట్టుకున్నాను.

‘అత్తమ్మా.’

‘ఊఁ, చెప్పండి.’ గొంతులో నిద్ర లేదు.

‘తిండి లేని అధ్యాయం ఏదైనా ఉందా?’

బల్ల కదిలింది, ఆవిడ నవ్వుతోంది, చప్పుడు లేకుండా ఒళ్ళంతా ఊపుతూ నవ్వుతోంది. ‘ముందు ఆ పెట్టె ఇటివ్వండి’ అంది. ఇచ్చాను. ఒళ్ళు ఒక్కసారిగా తేలికైంది, చల్లగాలి తగిలినట్టు. ‘అమ్మయ్య, ఎప్పుడడుగుతారా అని చూస్తున్నాను. మీరు దారం తడమడం వినపడింది. నేనెలా అనేది, అల్లుడికి చెప్పేంతదాన్నా?’

‘మరి మీరు నిద్రపోలేదా?’

‘నిద్రెక్కడ? నాకూ వాసనొస్తోందిగా. మీకు నోరు ఊరిందని ప్రార్థన మొదలుపెట్టాను, మధ్యలో నాకే ఊరింది. ఇప్పుడు దీన్ని ఇద్దరి మధ్యా పెడుతున్నాను. మీరు నన్ను కాయండి, నేను మిమ్మల్ని కాస్తాను.’

తర్వాత ఆవిడ వంశావళి అందుకుంది. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, ఎప్పుడూ నేను గబగబా మింగేసి పేజీ తిప్పే పేర్లు, వాటిలో గింజంత తిండి లేదు, నీటి చుక్క లేదు, తేనె అసలే లేదు, ఒక్కో పేరు నాలిక తిరగనంత పొడుగు. ఆవిడ అంటుంటే నేను అనడం మొదలుపెట్టాను, అనాలంటే నోరంతా కావాలి, పళ్ళూ నాలికా అంగిలీ అన్నీ పనిలో పడ్డాయి. తాతలూ తండ్రులూ కొడుకులూ, వీళ్ళల్లో ఎందరు ఆగారో ఎందరు జారారో, దొంగలున్నారు, రాజులున్నారు, గొర్రెలు కాచినవాళ్ళున్నారు, జారినవాళ్ళనీ కొట్టెయ్యకుండా వరసలో ఉంచారు. నేను కూడా ఎక్కడో ఈ వరసలో పడతాను అనిపించి లోపల ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను. ఒకచోట నేను మళ్ళీ ఒక తాతను దాటేశాను. ‘ఆయన్నెందుకు వదిలేశారు, ఆయన లేకపోతే తర్వాతాయన ఎలా పుడతాడు?’ అంది. పక్కాయన, ‘అవునండీ, వెనక్కెళ్ళండి, నేనూ లెక్క పెడుతున్నాను’ అన్నాడు. వెనక్కెళ్ళి ఆ తాతను కని ముందుకొచ్చాం. వరస ముగిసేసరికి వరండాలో ఇంకెవరో ఆమేన్ అన్నారు, అందరం కళ్ళు మూసుకునే నవ్వుకున్నాం.

సిస్టరు నన్ను పిలిచి, మా ఇద్దరి మధ్యలోంచి పెట్టె తీసుకుని, ‘ఇంకా బతికే ఉందే!’ అంది. బతికే ఉందమ్మా, మేం ఎలా బతికామో అడగవేం అనుకున్నాను. అత్తగారు నా భుజం పట్టుకుంది, నేను గోడ పట్టుకున్నాను, ఇద్దరం ఎలాగో గదిలో పడ్డాం. గడ్డం ఇక్కడ ఆనించండి, నుదురు ముందుకు, పైకి చూడండి, కిందికి చూడండి. దీపం కంట్లోకి సూదిలా దిగింది, నా కంటి నరాలే నాకు కనపడ్డాయి, ఆకులు రాలిన కొమ్మల్లా. డాక్టరమ్మ దీపాన్ని అటూ ఇటూ జరుపుతోంది. పొయ్యిలో కేకు పెట్టి తలుపు వేశాక పొంగుతుందో లేదో తెలియని ఆ కాసేపు నాకు అలవాటే. రెండో కన్ను. మళ్ళీ మొదటిది. ప్రభువా, నీ ఇష్టం, కానీ నా ఇష్టం కూడా నీకు తెలుసు.

‘ఆరిపోయింది’ అంది డాక్టరమ్మ. ‘చాలా వరకు ఆరిపోయింది. ఏం చేశారు?’

‘నోరు వేరే పనిలో పెట్టానమ్మా.’

‘అలాగే పెట్టండి. నోరు కట్టుకున్నంతకాలం ఈ చూపుకి ఢోకా లేదు.’

వెనక తలుపు దగ్గర నిలబడ్డ మా అత్తగారు, చేతులు కట్టుకుని, ‘అయితే డాక్టరమ్మా, ఇంకెన్నాళ్ళు చదవగలరు మా అల్లుడుగారు?’ అని అడిగింది.

డాక్టరమ్మ లేచి వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ‘మీకేం బెంగ వద్దు పెద్దమ్మా. మీరున్నన్నాళ్ళూ హాయిగా చదివి వినిపిస్తారు.’

‘నా సంగతి కాదమ్మా’ అంది మా అత్తగారు. ‘నాకు చూపు పోకముందే అదంతా నోటికొచ్చు. ఇన్నేళ్ళూ ఈయన నోటికి రావాలనే చదివిస్తున్నాను. నేను పోయాక ఈయనకి ఎవరు చెబుతారని, అందుకడిగాను.’

నాకు ఏడుపు ఆగలేదు. కళ్ళు రుద్దకండి మాస్టారూ, మందు పోతుంది, అంది డాక్టరమ్మ.